దెబ్బల ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు కోర్టులో నిలబడతాయా? అక్క కేసు గురించి సలహా కావాలి

తెనాలి తమ్ముడు:
అందరికీ నమస్కారం. మా అక్కకి పెళ్లై ఐదేళ్లు, గుంటూరులో కాపురం. బావ తాగొచ్చి కొట్టడం రెండో ఏడాది నుంచే ఉంది, మాకు చెప్పకుండా దాచింది. పోయిన నెల మెడ పట్టుకుని గోడకు నొక్కాడు, తెల్లారగానే బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది. మెడ మీద వేళ్ల గుర్తులు అమ్మ చూసింది, నేనూ చూశాను, ఫోటోలు తీశాం. తర్వాత బావ పెట్టిన వాట్సాప్ వాయిస్‌లు ఉన్నాయి, "ఈసారి వదలను" అని. అక్క చేసిన కాల్ రికార్డింగ్ ఒకటి ఉంది, అందులో "తాగిన మత్తులో చెయ్యి పడింది, దానికే పుట్టింటికి పోతావా" అంటాడు. ఇబ్బంది ఎక్కడంటే, ఇంతకుముందు ఒకసారి చెయ్యి వాచిపోతే అక్కడే ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లింది, పక్కనే అత్తగారు నిలబడి ఉండటంతో మెట్ల మీద జారిపడ్డానని చెప్పింది, చీటీలో అదే రాశారు. ఇప్పుడు వాళ్ల తరఫు పెద్దమనిషి ఒకాయన "నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షి ఎవడు, ఫోన్లో మాటలు కోర్టులో చెల్లవు, పరువు పోగొట్టుకోవద్దు" అంటున్నాడు. నిజంగానే ఏదీ చెల్లదా? తెలిసినవాళ్లు చెప్పండి, ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం.

బెజవాడ లాయరమ్మ:
తమ్ముడూ, సాక్షి ఎవడు అంటే మీ అక్కే సాక్షి. ఇది చాలామందికి అర్థం కాదు. కోర్టు దృష్టిలో ఆమె నోటితో చెప్పేదే మొదటి సాక్ష్యం, ఫోటోలు, చీటీలు, రికార్డింగులు అన్నీ దానికి తోడు వచ్చేవి. దెబ్బలు తిన్న మనిషి చెప్పిన మాటకు మన కోర్టులు పక్కన నిలబడి చూసినవాడి మాట కంటే ఎక్కువ విలువే ఇస్తాయి. అత్యాచారం కేసుల్లో అయితే బాధితురాలి మాట నమ్మదగినదిగా ఉంటే ఇంకే సాక్ష్యం లేకపోయినా శిక్ష వేయొచ్చని సుప్రీంకోర్టు 1983లో భర్వాడా కేసులో, 1996లో గుర్మీత్ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది.

భార్యాభర్తల మధ్య మాటలు బయటపెట్టకూడదని ఒక సెక్షన్ ఉన్న మాట నిజమే. పాత ఎవిడెన్స్ యాక్టులో 122, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 128. కానీ ఒకరి మీద ఒకరు నేరం చేశారన్న కేసులో ఆ అడ్డు ఉండదని అదే సెక్షన్ చివర రాసి ఉంది. ఆ పెద్దమనిషి సగం చదివి మాట్లాడుతున్నాడు.

క్లినిక్ చీటీ సంగతి. అందులో రెండు రకాల మాటలు ఉంటాయి. ఎలా జరిగింది అన్నచోట మీ అక్క చెప్పింది రాస్తారు, దెబ్బ ఎక్కడ ఎలా ఉంది అన్నది డాక్టరు తన కంటితో చూసి రాస్తారు. రెండోది ఎటూ పోదు. వాచింది మోచేతి పైభాగం అయి, చుట్టూ పట్టుకున్నట్టు కమిలి ఉంటే, మెట్ల మీద పడితే అలా వస్తుందా అని డాక్టరునే కోర్టులో అడగొచ్చు. అబద్ధం ఎందుకు చెప్పిందో, పక్కన ఎవరున్నారో ఫిర్యాదులోనే రాసేయమనండి. క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నలు వేసేటప్పుడు, వాళ్లు బయటపెట్టేదాకా ఆగితే అది దాచినట్టు కనపడుతుంది, ముందే చెబితే భయపడిన ఆడమనిషి ఎవరైనా అలాగే చేస్తుందని జడ్జికి అర్థమవుతుంది. పేషెంటు అడిగిన 72 గంటల్లోపు రికార్డులు ఇవ్వాలని, మూడేళ్లు భద్రపరచాలని డాక్టర్ల నియమావళి చెబుతోంది, కాబట్టి రాతపూర్వకంగా అడిగి కాపీ తెచ్చుకోండి.

హైటెక్ సిటీ రవి:
ఫోన్ విషయంలో నేను చెప్పగలిగింది చెబుతాను, డేటా రికవరీ పనిలోనే ఉన్నాను. ఫోటోలు వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకుని ఆ కాపీల్ని కోర్టుకిస్తే అందులో ఎప్పుడు, ఏ కెమెరాతో తీశారన్న సమాచారం పోతుంది, సైజూ తగ్గిపోతుంది. తీసిన ఫోన్‌లో ఉన్న అసలు ఫైలు కావాలి. క్రాప్ చేయొద్దు, బ్రైట్‌నెస్ పెంచొద్దు, బాణం గుర్తులు గీయొద్దు. వాయిస్ మెసేజ్‌లు చాట్‌లోనే ఉంచండి, స్క్రీన్‌షాట్లు తోడుగా తీసుకోండి తప్ప అసలు చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి, రీసెట్ కొట్టకండి. ఆ ఫోన్ వాడటం ఆపేసి పక్కన పెడితే ఇంకా మంచిది.

బెజవాడ లాయరమ్మ:
రవి గారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి కలుపుతాను. ఫోన్ ఫైలు ఎక్కడి నుంచి ఎలా తీశారో రాసి సంతకం చేసే కాగితాన్ని పాత ఎవిడెన్స్ యాక్టులో 65బి సర్టిఫికెట్ అనేవాళ్లు, ఇప్పుడు కొత్త చట్టంలో సెక్షన్ 63. 2014లో అన్వర్ కేసు, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసు, ఈ రెండిటితో సుప్రీంకోర్టు తేల్చింది ఏమిటంటే, సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ప్రింట్‌లోనో కాపీ ఇస్తే సర్టిఫికెట్ తప్పనిసరి. అసలు ఫోన్‌నే కోర్టుకు తెచ్చి, దాని సొంతదారు బోనెక్కి ఇది నాదే అని చెబితే ఆ సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా 2020 తీర్పులోనే ఉంది. కొత్త చట్టంలో సర్టిఫికెట్‌కి రెండు భాగాలు. మొదటిది ఫోన్ ఎవరిదో వాళ్లు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు మారలేదని చూపే హాష్ విలువ (ఫైలు వేలిముద్ర లాంటి కోడు) వేయాలి. సర్టిఫికెట్ పెట్టని కారణంగా మంచి రికార్డింగు మూలన పడిన కేసులు నేను కళ్లారా చూశాను, కడుపు మండిపోతుంది. మొదట పెట్టకపోయినా విచారణ ముగిసేలోపు పెట్టుకోనివ్వొచ్చని కూడా కోర్టు చెప్పింది, అది మాత్రం ఆఖరి దారి, దాని మీద ఆధారపడకండి.

నరసరావుపేట శ్రీను:
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. మా చిన్నాన్న కొడుకు మీద 498ఏ, అంటే అత్తింటి వేధింపుల కేసు పెట్టారు, అరవై ఐదేళ్ల పెద్దమ్మని, పెళ్లై వేరే ఊళ్లో ఉంటున్న ఆడపడుచుని కూడా ఇరికించారు. పెళ్లాం చెప్పిందే సాక్ష్యం అయితే మగాడి గతేంటి? చాటుగా రికార్డు చేస్తే ప్రైవసీ లేదా? గతంలో మన హైకోర్టే భార్య ఫోన్ రికార్డు చేసిన భర్తది తప్పని కొట్టేసింది కదా.

బెజవాడ లాయరమ్మ:
శ్రీను గారూ, మీ పెద్దమ్మ బాధ నిజమే, దాన్ని కాదనను. 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ కారణంతోనే కేసు కొట్టేసింది, ఏ రోజు ఎవరు ఏం చేశారో చెప్పకుండా కుటుంబం మొత్తం మీద గంపగుత్తగా ఆరోపణలు రాయకూడదని. దాని నుంచి నిజంగా దెబ్బలు తిన్నవాళ్లు నేర్చుకోవాల్సింది కూడా ఉంది. "అందరూ వేధించారు" అని రాయొద్దు, పండక్కి ముందు రోజు రాత్రి వంటింట్లో ఎవరు ఏమన్నారు, ఎవరు కొట్టారు, దేనితో కొట్టారు అని రాయాలి. చేయనివాళ్ల పేరు రాయొద్దు, ఒక్క అబద్ధం పేరు చేర్చినా క్రాస్‌లో మిగతా నిజమంతా అనుమానంలో పడుతుంది.

భార్య మాటే సాక్ష్యం అంటే కళ్లు మూసుకుని నమ్మేస్తారని కాదు, ఆ మాటను గంటల తరబడి క్రాస్‌లో పరీక్షిస్తారు, నిలబడితేనే నమ్ముతారు.

రికార్డింగుకి వస్తే, మీరు చెప్పిన హైకోర్టు తీర్పు భార్య వేరేవాళ్లతో మాట్లాడుకునే మాటల్ని భర్త దొంగతనంగా రికార్డు చేయడం గురించి. ఇక్కడ అక్క తనతో మాట్లాడిన మాటనే రికార్డు చేసింది, తేడా పెద్దది. 1972లోనే మల్కానీ కేసులో సంపాదించిన పద్ధతి సరిగా లేకపోయినా కేసుకు సంబంధించిన టేపును వినొచ్చని సుప్రీంకోర్టు అంది. 2025 జులై 14న విభోర్ గర్గ్ కేసులో భార్యాభర్తల మధ్య చాటుగా రికార్డు చేసిన కాల్స్‌ను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. అక్కడ రికార్డు చేసింది భర్తే, గమనించండి. ఈ తీర్పు ఇద్దరికీ వర్తిస్తుంది.

నైట్ డ్యూటీ నర్సు:
సర్కారు ఆసుపత్రి క్యాజువాలిటీలో చాలా ఏళ్లుగా చేస్తున్నాను. తమ్ముడూ, మెడ నొక్కారన్నారు కదా, అది చిన్న విషయంగా తీసుకోకండి. మింగడానికి నొప్పి, గొంతు బొంగురు, కళ్లలో ఎర్రటి చుక్కలు ఉన్నాయేమో అడిగి రాయించండి. మెడ మీద గుర్తులు కొన్ని రోజుల్లో పోతాయి కానీ ఈ లక్షణాలు ఎమ్మెల్సీ రిజిస్టర్లో, అంటే పోలీసు కేసుల దెబ్బలు రాసే ఆసుపత్రి పుస్తకంలో పడితే ఎప్పటికీ ఉంటాయి. నెల గడిచినా వెళ్లి చూపించుకోవచ్చు, ఇప్పటికీ ఏం ఇబ్బంది ఉందో డాక్టరు రాస్తారు. కమిలిన చోట్ల ఫోటో తీసేటప్పుడు దూరం నుంచి ముఖం కలిపి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టి ఒకటి తీసుకోవాలి. చాలామంది దెబ్బ ఒక్కటే దగ్గరగా తీస్తారు, అది ఎవరి ఒళ్లో ఎవరికి తెలుస్తుంది?

వరంగల్ పిల్ల:
నర్సు గారూ, వేరే విషయం అడగొచ్చా? మా హాస్టల్లో అమ్మాయి, 22 ఏళ్లు, తెలిసినవాడే బలవంతం చేశాడు. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. స్నానం చేసింది, బట్టలు ఉతికేసింది, ఒంటి మీద గాయాల్లేవు. ఇంక ఏం రుజువు ఉంటుందని ఏడుస్తోంది. పోలీసుల కాగితం లేకుండా ఆసుపత్రిలో చూడరని ఒకరు, ఆ పాత రెండు వేళ్ల పరీక్ష (లోపల వేళ్లు పెట్టి ఇంతకుముందు సంబంధాలున్నాయా అని చూసేది) చేస్తారని ఇంకొకరు భయపెట్టారు.

నైట్ డ్యూటీ నర్సు:
తల్లీ, ఆ అమ్మాయిని ఈ రోజే తీసుకెళ్లండి. కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం నాలుగు రోజుల వరకూ నమూనాలు తీస్తాం, స్నానం చేసినా తీస్తాం. పోలీసుల కాగితం లేకుండా నేరుగా రావొచ్చు, మేమే స్టేషన్‌కి సమాచారం ఇస్తాం. ప్రైవేటు ఆసుపత్రైనా డబ్బు అడగకుండా చికిత్స చేయాలి, అది చట్టం. పరీక్షకు ఆమె ఒప్పుకోవాలి, ఒక్కో భాగానికీ వద్దనే హక్కు ఉంది, పరీక్ష వద్దన్నా చికిత్స ఆపకూడదు. గర్భం రాకుండా మాత్ర, ఇన్‌ఫెక్షన్ మందులు ఆలస్యం కాకూడదు, నా వరకు సాక్ష్యం కంటే ముందు ఇదే.

ఆ వేళ్ల పరీక్ష తప్పని 2013లో లిల్లు కేసులో సుప్రీంకోర్టు అంది, 2022 అక్టోబరు 31న జార్ఖండ్ కేసులో ఇంకా గట్టిగా, అది చేసినవాళ్లని దుష్ప్రవర్తన కింద దోషులుగా చూస్తామని చెప్పింది. ఎవరైనా చేయబోతే అక్కడే వద్దని చెప్పండి. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతికినవైనా సరే తీసుకురండి, ప్లాస్టిక్ కవర్లో మాత్రం పెట్టొద్దు, తడి ఆరక చెడిపోతాయి, న్యూస్‌పేపర్‌లోనో కాగితం సంచిలోనో విడివిడిగా పెట్టండి.

బెజవాడ లాయరమ్మ:
గాయాలు లేవన్నది కూడా చెప్పాలి. 2013 సవరణ నుంచి చట్టంలోనే రాసి ఉంది, ఎదురు తిరగలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు కాదు. మూడు రోజుల ఆలస్యానికి కారణం చెబితే చాలు, భయం, పరువు, ఎవరికి చెప్పాలో తెలియకపోవడం అన్నీ కారణాలే అని గుర్మీత్ సింగ్ తీర్పులో ఉంది. తర్వాత వాడితో నడిచిన చాట్, రూమ్మేట్‌కి పెట్టిన మెసేజ్, ఆ సాయంత్రం ఆమె ఎలా ఉందో చూసిన స్నేహితురాలు, ఇవన్నీ సాక్ష్యాలే. నువ్వే సాక్షివి అవుతావు వరంగల్ పిల్లా, నువ్వు ఏం చూశావో తేదీ వేసి ఇవాళే రాసి పెట్టుకో. బాధితురాళ్లకి సాయం చేసే భరోసా కేంద్రాలు, సఖి కేంద్రాలు ఉన్నాయి, 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

రిటైర్డ్ హెడ్డు:
పోలీసు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అందరూ కోర్టులో ఏం జరుగుతుందో మాట్లాడుతున్నారు, కేసు పోయేది అంతకు చాలా ముందే. స్వాబ్ (ఒంటి మీది నమూనా) తీశారు, సీలు వేశారు, స్టేషన్ ప్రాపర్టీ రిజిస్టర్లో ఎక్కించలేదు. ఫోరెన్సిక్ ల్యాబ్‌కి వారాల తర్వాత పంపారు, ఈలోపు బీరువా తాళం ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేరు. తీసుకెళ్లిన కానిస్టేబుల్‌ని సాక్షిగా పెట్టరు. డిఫెన్సు లాయరు అడిగే ప్రశ్న ఒక్కటే, మధ్యలో ఎవరూ ముట్టుకోలేదని గ్యారంటీ ఏంటని. డీఎన్ఏ కలిసినా ఆ రిపోర్టు పక్కకు పోతుంది. కాబట్టి బాధితురాలి ఇంటివాళ్లు సిగ్గుపడకుండా ఐఓని, అంటే దర్యాప్తు అధికారిని అడగండి, నమూనాలు ల్యాబ్‌కి ఏ తేదీన పోయాయి, లెటర్ నంబరెంత అని. అడిగేవాళ్లున్నారంటే ఫైలు కదులుతుంది.

ఇప్పుడు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో సోదా, స్వాధీనం వీడియో తీయాలి, డాక్టరు రిపోర్టు ఏడు రోజుల్లో ఐఓకి చేరాలి, ఇవి మంచి మార్పులు. మా రోజుల్లో మీడియేటర్స్ రిపోర్టు (పంచనామా) స్టేషన్‌లోనే రాసి ఇద్దరితో సంతకం పెట్టించేవాళ్లు, కోర్టులో వాళ్లు మాకేం తెలియదనేవాళ్లు, కేసు కూలిపోయేది.

పేరు వద్దు:
నేను అత్యాచారం కేసులో బాధితురాలిని, విచారణ అయిపోయింది, అందుకే రాస్తున్నాను. మేజిస్ట్రేట్ ముందు 164 స్టేట్‌మెంట్ ఇచ్చాక ఇంక నా పని అయిపోయిందనుకుంటారు ఇంట్లోవాళ్లు, నాకూ ఎవరూ చెప్పలేదు. అయిపోదు. కోర్టులో మళ్లీ మొత్తం చెప్పాలి. నా వాయిదాకి ముందు పీపీ గారు, అంటే ప్రభుత్వ లాయరు, నా స్టేట్‌మెంట్ చదివి వినిపించారు, అప్పటికి రెండేళ్లు గడిచాయి, చాలా చిన్న విషయాలు నాకు గుర్తు లేవు. గుర్తు లేనిది గుర్తు లేదనే చెప్పమన్నారు, ఊహించి చెప్పొద్దన్నారు. ఆ ఒక్క సలహా నన్ను కాపాడింది. అవతలి లాయరు తలుపు గడియ పైన ఉందా కింద ఉందా అని మార్చి మార్చి అడిగాడు, నేను ప్రతిసారీ గమనించలేదనే చెప్పాను. తర్వాత కాలేజీలో నాకు బాయ్‌ఫ్రెండ్ ఉండేవాడా అని మొదలుపెట్టాడు. జడ్జి గారు ఆపేశారు, ఆ ప్రశ్న రికార్డులో కూడా వద్దన్నారు. గదిలో వేరే జనం లేరు, మధ్యలో తెర కట్టారు, వాడి ముఖం నాకు కనపడలేదు.

బెజవాడ లాయరమ్మ:
పేరు వద్దు గారూ, ఇది రాసినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను. 164, అంటే ఇప్పుడు 183, అది పూర్తి సాక్ష్యం కాదు, కోర్టులో చెప్పినదానికి బలం ఇవ్వడానికీ, మాట మార్చితే పట్టుకోవడానికీ మాత్రమే పనికొస్తుంది. వైకల్యం ఉన్నవాళ్లది మాత్రం చీఫ్ కింద, అంటే కోర్టులో మొదట చెప్పే సాక్ష్యం బదులు, తీసుకునే వీలుంది.

గతం గురించి ప్రశ్నలు ఆగడం ఊరికే రాలేదు. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పెళ్లైన మహిళ మీద పోలీసులే అత్యాచారం చేశారన్న ఘటన పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ అట్టుడికింది, ఆమె భర్త దెబ్బలకి చనిపోయాడు, కమిషన్ ముందు ఆమె నడవడికనే బోనెక్కించారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టినా రాయచూరుకు మార్చిన కేసులో వాళ్లు విడుదలయ్యారు. ఆ 1978లోనే స్టేషన్‌లో అత్యాచారం ఆరోపణ ఉన్న పోలీసుల్ని సుప్రీంకోర్టు వదిలేసిన మధుర కేసు తీర్పు, తర్వాత దేశమంతా నిరసనలు, 1983లో పోలీసు కస్టడీలాంటి చోట్ల ఆమె ఒప్పుకోలేదంటే ఒప్పుకోలేదనే కోర్టు భావించాలన్న 114ఏ సెక్షన్ పాత ఎవిడెన్స్ యాక్టులోకి వచ్చింది. బాధితురాలి నడవడిక మీద దాడి చేయడానికి వీలిచ్చే 155లోని నాలుగో క్లాజును 2002 సవరణతో గానీ తీసేయలేదు. 2013లో 53ఏ వచ్చింది, గత సంబంధాలు సమ్మతికి సంబంధం లేనివని, ఇప్పుడది 48. ఇంత జరిగాక కూడా లాయర్లు ఆ ప్రశ్న అడుగుతున్నారు, పీపీ లేచి అభ్యంతరం చెప్పాలి.

సూర్యాపేట అన్న:
మా చెల్లెలు పెళ్లైన మూడేళ్లకి ఉరి వేసుకుంది. కాగితం ఏమీ రాయలేదు. ముందు రోజు రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఏడ్చింది, డబ్బు తెస్తేనే ఇంట్లో ఉండనిస్తామంటున్నారని. చచ్చిపోయినవాళ్ల మాట మీరు చెబితే చెల్లదని ఒకాయన అన్నాడు. అమ్మ ఆ మాటకి నిద్రపోవడం లేదు.

బెజవాడ లాయరమ్మ:
అన్నా, చెల్లుతుంది. అమ్మకి చెప్పండి. చనిపోయిన మనిషి తన చావుకు కారణం గురించి, దానికి దారితీసిన పరిస్థితుల గురించి చెప్పిన మాటలు సాక్ష్యమే, పాత 32, కొత్త 26. ఆసుపత్రిలో మేజిస్ట్రేట్ రాసుకున్నదే మరణ వాంగ్మూలం అనుకుంటారు, అలా కాదు, తల్లికి ఫోన్లో చెప్పినదీ అందులోకే వస్తుంది. పైగా మన దేశంలో అప్పటికే చావు భయం ఉండాలన్న షరతు లేదు. మాట చెప్పిన సమయం చావుకు ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. వరకట్న చావు కింద శిక్ష పడకపోయినా ఆ మాటలు 498ఏకి పనికొస్తాయా అన్న చిక్కు చాలాకాలం ఉండేది, 2022లో సురేంద్రన్ కేసులో ముగ్గురు జడ్జీలు పనికొస్తాయనే తేల్చారు, కేసులో చావుకు కారణం చర్చకు వచ్చి, ఆ మాటలు ఆ చావుకు ముడిపడి ఉంటే. ఏడేళ్లలోపు అసహజ మరణం, చావుకు కాస్త ముందు కట్నం వేధింపు, ఈ రెండూ రుజువైతే వరకట్న చావేనని కోర్టు భావించాలి, అప్పుడు కాదని చూపించే భారం వాళ్లదే. అమ్మ ఫోన్ కాల్ వివరాలు కంపెనీ నుంచి తెప్పించమని ఐఓకి రాతపూర్వకంగా ఇవ్వండి, ఆలస్యం చేస్తే అవి దొరకవు.

తెనాలి తమ్ముడు:
అందరికీ చాలా థ్యాంక్స్, అక్కకి చదివి వినిపించాను. కొత్త సంగతి, ఆదివారం మళ్లీ పెద్దమనుషుల్ని కూర్చోబెడుతున్నారు. ఫోన్ తెమ్మన్నారు, అందరూ వింటారట. పోయినసారి కూర్చున్నప్పుడు బావ చేత ఇక మీద చెయ్యి చేసుకోనని కాగితం మీద రాయించారు, అది వాళ్ల ఊరి మాజీ సర్పంచ్ దగ్గర ఉంది.

నరసరావుపేట శ్రీను:
తమ్ముడూ, మెడ నొక్కినవాడితో రాజీ ఏంటి? నేను ఇందాక వాదించింది తప్పుడు కేసుల గురించి, ఇది అది కాదు. అక్కని ఒంటరిగా పంపకు.

బెజవాడ లాయరమ్మ:
ఫోన్ తీసుకెళ్లొద్దు. నలుగురి చేతులు మారితే రవి గారు చెప్పినవన్నీ వృథా, ఒకడు డిలీట్ కొడితే అయిపోయింది. వినిపించాలనుంటే కాపీ వినిపించండి.

ఆ కాగితం చాలా విలువైనది తమ్ముడూ. ఇక మీద కొట్టనని సంతకం పెట్టాడంటే ఇప్పటిదాకా కొట్టానని ఒప్పుకున్నట్టే. పోలీసులకు చెప్పింది కాదు కాబట్టి పోలీసుల ముందు ఒప్పుకోలు చెల్లదన్న నియమం దీనికి తగలదు. అక్కడ కూర్చున్న పెద్దమనుషులు అతని నోటి నుంచి విన్నది చెబితే అదీ సాక్ష్యమే, వాళ్లు హాస్టైల్ అయినా, అంటే కోర్టులో మాట మార్చినా కాగితం ఉంటుంది. ఇప్పుడే గొడవ పడి అడగకండి, చింపేస్తారు. మీ వైపు పెద్దాయన ఎవరైనా మర్యాదగా వెళ్లి చూస్తానని అడిగి ఫోటో తీసుకోమనండి, రెండు వైపులా, సంతకాలు కనపడేలా. తర్వాత అసలు కాగితం తెమ్మని కోర్టు ద్వారా నోటీసు ఇప్పించొచ్చు, తేకపోతే కాపీనే ద్వితీయ సాక్ష్యంగా పెట్టుకోవచ్చు.

సోమవారం గుంటూరో తెనాలో ఏ స్టేషన్ అయినా సరే వెళ్లండి, పుట్టింట్లో తలదాచుకున్న చోట కూడా 498ఏ (2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85) కేసు పెట్టొచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతోపాటు ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గర గృహహింస రిపోర్టు రాయించి డీవీసీ (గృహహింస చట్టం కింద కేసు) వేయండి. రక్షణ ఉత్తర్వు వచ్చాక అతను దాన్ని మీరితే అక్క ఒక్కతి చెప్పిన మాట మీదే నేరం జరిగిందని మేజిస్ట్రేటు తేల్చొచ్చని ఆ చట్టం 32వ సెక్షన్లోనే ఉంది. స్టేషన్‌కి వెళ్లేటప్పుడు క్లినిక్ చీటీ జిరాక్సు, అమ్మని వెంట తీసుకెళ్లండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, తీసుకోకుండా బయటికి రాకండి.